ఆ తలుపు తెరవాలా, వద్దా? 1979 నాటి ‘ఏలియన్’ ఇప్పటికీ ఎందుకు భయపెడుతోంది? అండమాన్‌కు ఆ కథ ఎందుకంత దగ్గర?

అంతరిక్షంలో ఒక సరకు రవాణా నౌక. ముగ్గురు సిబ్బంది బయట గ్రహం మీదకు వెళ్లి తిరిగొచ్చారు. వారిలో ఒకరి ముఖానికి పీతలాంటి జీవి ఏదో అతుక్కుని ఉంది. తలుపు తీయమని బయటి నుంచి కెప్టెన్ ఆదేశిస్తున్నాడు. లోపల ఉన్న అధికారిణి రిప్లీ ఒప్పుకోదు. నిబంధన ప్రకారం 24 గంటల క్వారంటైన్ తప్పదంటుంది. ఈలోగా ఆ మనిషి చనిపోవచ్చు కదా అంటే, లోపలికి తెస్తే అందరూ చనిపోవచ్చంటుంది. ఇంతలో సైన్స్ ఆఫీసర్ యాష్ మీట నొక్కి తలుపు తెరిచేస్తాడు.

రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1979 మే 25న అమెరికాలో విడుదలైన ‘ఏలియన్’లో ఆ తర్వాత జరిగేదంతా ఆ మీట ఫలితమే. దాదాపు అయిదు దశాబ్దాలుగా ఈ సినిమా ప్రభావం తగ్గలేదు. సీక్వెళ్లు, ప్రీక్వెళ్లు వచ్చాయి. 2024లో ‘ఏలియన్: రోములస్’, 2025లో ‘ఏలియన్: ఎర్త్’ సిరీస్ వచ్చాయి. అమెరికాలో భద్రపరచాల్సిన చిత్రాల జాబితా ‘నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ’లో 2002లోనే దీనికి చోటు దక్కింది.

ఇంతకీ ఇందులో ఏముంది?

కనిపించేది నాలుగు నిమిషాలే

సుమారు రెండు గంటల సినిమాలో పూర్తిగా ఎదిగిన ఆ జీవి తెరపై కనిపించేది మొత్తం కలిపితే నాలుగు నిమిషాలే. మిగతా సమయమంతా పైపులు, ఆవిరి, చీకటి నడవాలు, టకటకలాడే సెన్సర్. అది ఎక్కడుందో తెలియకపోవడమే మన భయానికి కారణం.

స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్.ఆర్. గీగర్ ఎముకలనూ యంత్రాలనూ కలిపేసినట్టుండే రూపాన్ని దీనికి ఇచ్చారు. కళ్లు కనిపించవు కాబట్టి ఎటు చూస్తోందో, ఎవరిని చూస్తోందో మనకు తెలియదు. ఆ సూట్ వేసుకున్నది బొలాజీ బడేజో అనే దాదాపు ఏడడుగుల నైజీరియా యువకుడు. సన్నటి ఒళ్లు, పొడవాటి చేతులు ఉండటంతో ఆ ఆకారం లోపల మనిషి ఉన్నాడని ప్రేక్షకుడికి తట్టదు. 1980లో ఈ చిత్రం విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో ఆస్కార్ గెలుచుకుంది.

మరో కారణం ఆ నౌకలోని మనుషులు. వాళ్లు వీరులు కాదు. బోనస్ వాటా తక్కువైందని గొణుక్కునే మెకానిక్కులు, కాఫీ తాగుతూ జోకులేసుకునే ఉద్యోగులు. మొత్తం ఏడుగురు, ఒక పిల్లి. రచయిత డాన్ ఓబానన్ పాత్రలన్నిటినీ ఆడా మగా ఎవరైనా నటించగలిగేలా రాశారు. అందుకే సిగోర్నీ వీవర్ పోషించిన రిప్లీ ‘హీరోయిన్’లా కాకుండా, పని తెలిసిన అధికారిణిలా ఉంటుంది. ఎవరు బతుకుతారో ముందే ఊహించే వీలు ఆనాటి ప్రేక్షకుడికి దొరకలేదు.

పొలంలో ఉన్న ‘ఏలియన్’

ఈ జీవి బతుకుచక్రం పూర్తిగా కల్పన కాదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్లజీవి మనిషి ముఖాన్ని పట్టుకుని లోపల పిండాన్ని వదులుతుంది. ఆ పిండం పెరిగి ఛాతీ చీల్చుకుని బయటికొస్తుంది. పరాన్నజీవి కందిరీగలు చేసే పని ఇలాంటిదే. అవి ఇతర పురుగుల ఒంట్లో గుడ్లు పెడతాయి. పిల్లలు లోపలి నుంచి తింటూ ఎదుగుతాయి. దయగల దేవుడు ఇలాంటి ప్రాణులను కావాలనే సృష్టించి ఉంటాడని తాను నమ్మలేనని చార్లెస్ డార్విన్ 1860లో ఒక లేఖలో రాశారు.

మన వరి, చెరకు రైతులకు ఇది కొత్త కాదు. కాండం తొలుచు పురుగును అరికట్టడానికి పొలాల్లో పెట్టే ట్రైకోగ్రామా కార్డుల వెనక ఉన్నది ఇదే సూత్రం. ఆ చిన్ని పరాన్నజీవి పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టాల్సిన చోట అది పుడుతుంది. సినిమా చేసిందల్లా పురుగు స్థానంలో మనిషిని పెట్టడమే.

అంతు చిక్కని జ్వరం

కథను అండమాన్‌కు తెస్తే, నౌక బదులు ద్వీపం వస్తుంది. చుట్టూ నీళ్లు, బయటికి దారి తక్కువ. నెట్‌ఫ్లిక్స్‌లో 2023 అక్టోబర్‌లో వచ్చిన ‘కాలా పానీ’ సిరీస్ ఈ ఇరుకునే వాడుకుంది. అందులో 2027లో అండమాన్‌లో ఒక వింత జ్వరం పుడుతుంది. ద్వీపాలను దిగ్బంధిస్తారు. ఎవరిని బయటికి పంపాలి, ఎవరిని ఆపాలి అన్నదే కథ. ఆ రోగానికి పెట్టిన పేరు ఎల్‌హెచ్‌ఎఫ్-27. కారణం లెప్టోస్పైరా బ్యాక్టీరియా.

ఈ ఊహకు వాస్తవంలో పునాది ఉంది. 1980ల చివరి నుంచి ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో వానల తర్వాత ఒక జ్వరం వచ్చేది. కొందరికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావమై, దగ్గితే రక్తం పడేది. అదేమిటో తేలక ‘అండమాన్ హెమరేజిక్ ఫీవర్’ అన్నారు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1990లలో అది లెప్టోస్పైరోసిస్ అని, అంటే మనం ఎలుక జ్వరం అనేదేనని తేల్చారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలో, బురదలో పనిచేసేవాళ్లకు కాలి గాయాల గుండా ఇది సోకుతుంది. సకాలంలో గుర్తిస్తే మామూలు యాంటీబయోటిక్స్‌తో తగ్గుతుంది.

ఇది తెలుగువాళ్లకు దూరపు కథేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖ రేవు నుంచి అక్కడికి నౌకలు నడుస్తున్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయ పురం అని పేరు మారినా ఆ రాకపోకలు మారలేదు.

అసలు ఏలియన్ ఎవరు?

అండమాన్ ఆదివాసులను బయటి ప్రపంచం చాలాకాలం భూతాల్లాగే చిత్రించింది. మార్కో పోలో వాళ్లకు కుక్క తలలు ఉంటాయని, మనుషులను తింటారని రాశాడు. 1890లో వచ్చిన ఆర్థర్ కానన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో అండమాన్ మనిషి విషపు ముల్లు ఊదే హంతకుడు. ఈ కథల్లో ద్వీపవాసే ఏలియన్.

చరిత్రలో జరిగింది దీనికి తలకిందులు. 1858లో బ్రిటిష్ వాళ్లు ఖైదీల స్థావరం పెట్టేనాటికి గ్రేట్ అండమానీస్ తెగలవారు వేలల్లో ఉన్నారు. వాళ్లను ‘నాగరికులను’ చేయడానికి 1863లో ‘అండమాన్ హోమ్’ తెరిచారు. అక్కడి నుంచే సిఫిలిస్ అడవిలోకి పాకింది. 1877లో తట్టు వచ్చింది. ఈ రోగాలకు వాళ్ల ఒంట్లో నిరోధక శక్తి లేదు. 1901 నాటికి 625 మంది మిగిలారు. 1961 నాటికి 19 మంది. వాళ్ల భాషల్లో ఒకటైన ‘బో’ మాట్లాడే చివరి మహిళ 2010 జనవరిలో కన్నుమూశారు.

1880లో బ్రిటిష్ అధికారి ఎం.వి. పోర్ట్‌మన్ నార్త్ సెంటినల్ ద్వీపం నుంచి ఒక వృద్ధ జంటను, నలుగురు పిల్లలను పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌కు తెచ్చాడు. అందరూ జబ్బుపడ్డారు. వృద్ధులిద్దరూ చనిపోయారు. పిల్లలను కానుకలిచ్చి ద్వీపంలో వదిలేశారు. వాళ్లతోపాటు ద్వీపంలోకి ఇంకేం వెళ్లిందో ఎవరూ చూడలేదు. ‘ఏలియన్’లో ముఖానికి జీవి అతుక్కున్న మనిషిని లోపలికి తెచ్చిన సన్నివేశం దీనికంటే భయంకరమేమీ కాదు.

మూసి ఉంచిన తలుపు

1956 నాటి ఆదివాసుల రక్షణ నిబంధనల కింద నార్త్ సెంటినల్‌లో అడుగుపెట్టడం నేరం. తీరానికి 5 నాటికల్ మైళ్ల పరిధిలోకే వెళ్లకూడదు. రిప్లీ చెప్పిన క్వారంటైన్ ఇక్కడ చట్టం. తేడా ఒక్కటే. ఇక్కడ తలుపు మూసింది లోపలివాళ్ల ప్రాణం కాపాడటానికి, రోగం ఉండే అవకాశం మన వైపు.

అయినా మీట నొక్కేవాళ్లు వస్తూనే ఉన్నారు. 2018 నవంబర్‌లో అమెరికన్ మతప్రచారకుడు జాన్ అలెన్ చౌ అక్కడికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆయన టీకాలు వేయించుకుని, క్వారంటైన్ పాటించే వెళ్లారని పంపిన సంస్థ చెప్పింది. కానీ మనల్ని బాధపెట్టకుండా మన గొంతులో, చర్మంపై ఉండే సూక్ష్మజీవులను ఏ టీకా తుడిచేయదు. 2025 మార్చిలో మరో అమెరికన్ ఆ తీరంలో ఒక కొబ్బరికాయ, ఒక డైట్ కోక్ క్యాన్ వదిలి వచ్చి అరెస్టయ్యాడు. ఆ క్యాన్ మీద ఏముందో కంటికి కనిపించదు. 2020 ఆగస్టులో సుమారు యాభై మందే మిగిలిన గ్రేట్ అండమానీస్‌లో పది మందికి కోవిడ్ సోకినప్పుడు దేశం ఉలిక్కిపడింది అందుకే.

ఆర్డర్ ఇచ్చింది ఎవరు?

సినిమాలో యాష్ తలుపు తీసింది జాలితో కాదు. అతను మనిషి కాదు, కంపెనీ పెట్టిన రోబో. ఆ జీవిని ఎలాగైనా తీసుకురావాలి, సిబ్బంది పోయినా ఫర్వాలేదన్నది కంపెనీ రహస్య ఆదేశం. ‘ఏలియన్’ను చాలామంది రెండోసారి చూసేది ఈ మలుపు కోసమే. రాక్షసి ఆకలితో చంపుతుంది. కంపెనీ లెక్క వేసుకుని చంపిస్తుంది.

గ్రేట్ నికోబార్‌లో రేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కలిపి కట్టే భారీ ప్రాజెక్టుపై నడుస్తున్న చర్చకు మూలంలో ఉన్నదీ ఈ లెక్కల ప్రశ్నే. 2022 నవంబర్‌లో దీనికి పర్యావరణ అనుమతి వచ్చింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని ఇందుకు మళ్లిస్తారు. ఆ అడవి షోంపెన్ తెగవారి ఆవాసం. 2011 లెక్కల్లో వాళ్లు 229 మంది. దేశ భద్రతకు, వాణిజ్యానికి ఈ ప్రాజెక్టు అవసరమని, షోంపెన్‌లను కదిలించబోమని ప్రభుత్వం అంటోంది. కొత్తగా వచ్చే జనాభాతో పాటు వచ్చే రోగాలే వాళ్లను తుడిచిపెడతాయని 2024 ఫిబ్రవరిలో 39 మంది జాతి విధ్వంస అధ్యయన నిపుణులు రాష్ట్రపతికి లేఖ రాశారు.

ఒక ప్రభుత్వ ప్రాజెక్టును సినిమాలోని కంపెనీతో సమానం చేయలేం. ఇక్కడ బహిరంగ పత్రాలు, కోర్టులు, ట్రిబ్యునళ్లు ఉన్నాయి. ప్రశ్నించే వీలుంది. ఆ నౌకలోని సిబ్బందికి లేనిది అదే. ఆదేశం సంగతి వాళ్లకు తెలిసేసరికి తలుపు ఎప్పుడో తెరుచుకుంది.

‘ఏలియన్’ పాతబడకపోవడానికి గీగర్ గీసిన రూపం ఒక కారణం, ఈ ప్రశ్న మరో కారణం. తలుపు దగ్గర నిలబడి వద్దన్న రిప్లీ ఆ క్షణంలో కర్కశంగా కనిపిస్తుంది. సినిమా ముగిసేసరికి బతికి ఉన్నది ఆమె, పిల్లి మాత్రమే. షోంపెన్‌ల అడవి విషయంలో ఆ నిర్ణయం తీసుకోవాల్సిన సమయం ఇంకా దాటిపోలేదు.