న్యూట్రల్‌లో వేస్తే సరిపోదు బాస్!

ఇసకలో దిగబడిపోయిన బండి, చుట్టూ పది మంది జనం. అప్పుడు వినిపించే మొదటి సలహా ఇదే: "న్యూట్రల్‌లో ఎట్టీ బావూ, ట్రాక్టరుతో లాగీద్దుం!" శ్రీకాకుళం జిల్లా భావనపాడులో అయినా, కళింగపట్నంలో అయినా, విజయనగరం వైపు చింతపల్లి బీచ్‌లో అయినా ఇదే మాట. మంచి మనసుతో చెప్పేదే. పాత జీపుకి సరిపోయేది కూడా. కానీ మీది ఆటోమేటిక్ థారో, జిమ్నీయో అయితే ఒక్క క్షణం ఆగండి.

2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్‌లోనూ, 2023 జూన్‌లో వచ్చిన అయిదు డోర్ల జిమ్నీలోనూ ఆటోమేటిక్ దొరుకుతోంది. థార్‌కి 6 గేర్లు, జిమ్నీకి 4. ఫోర్ బై ఫోర్ మోడల్ ఏదైనా సరే, మామూలు రోడ్డు మీద 2హెచ్‌లో ఉంటే వెనక చక్రాలే బండిని తోస్తాయి. 4హెచ్ గానీ 4ఎల్ గానీ వేస్తేనే ముందు చక్రాలకీ పవర్ వెళ్తుంది.

గేర్‌బాక్స్‌కి ఏమవుతుంది?

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఆయిల్‌ని అన్ని భాగాలకీ పంపేది ఒక పంపు. ఆ పంపుని తిప్పేది ఇంజిను. ఇంజిను ఆగితే పంపూ ఆగుతుంది. కానీ బండిని లాగుతుంటే వెనక చక్రాలు తిరుగుతాయి, వాటితో పాటు గేర్‌బాక్స్ లోపలి భాగాలూ తిరుగుతాయి. అంటే ఆయిల్ అందకుండా ఒరుసుకోవడమే! కిలోమీటర్ల కొద్దీ అలా లాగితే వేడెక్కి లోపల అరిగిపోతుంది. లీవర్ న్యూట్రల్‌లో ఉన్నా ఇంజినుతో లింకు తెగుతుందే తప్ప చక్రాలతో తెగదు.

సగం ఎత్తినా ముప్పే

క్రేన్ వాళ్లు మామూలుగా ముందు భాగం ఎత్తి, వెనక చక్రాల మీద లాక్కెళ్తారు. ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లకి అది బాగానే ఉంటుంది. మన బండికి మాత్రం తిరగకూడని చక్రాలే రోడ్డు మీద తిరుగుతాయి. ఇక బండి 4హెచ్‌లో ఇరుక్కుపోయి ఉంటే ముందు, వెనక చక్రాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గాల్లో ఉన్న చక్రాలు కూడా తిరగడానికి చూస్తాయి. అందుకే నాలుగు చక్రాలూ నేల మీంచి లేచే ఫ్లాట్‌బెడ్ లారీయే సేఫ్.

థార్‌లో ట్రాన్స్‌ఫర్ లీవర్ మీద 4హెచ్‌కీ 4ఎల్‌కీ మధ్య విడిగా ఒక 'ఎన్' ఉంటుంది. అది వేస్తే గేర్‌బాక్స్‌కీ చక్రాలకీ లింకు తెగుతుంది. అయితే అప్పుడు 'పి'లో పెట్టినా బండి ఆగదు. హ్యాండ్‌బ్రేక్ తప్పనిసరి. అలా ఎంత దూరం, ఎంత స్పీడులో లాగొచ్చో మీ బండి మాన్యువల్ చెప్పిందే ఫైనల్.

ఫోన్‌లో ఏం చెప్పాలి?

బండి పేరు చెప్పి ఊరుకోకండి. "ఫోర్ బై ఫోర్ ఆటోమేటిక్, ఫ్లాట్‌బెడ్ పంపండి" అని స్పష్టంగా చెప్పండి. నేషనల్ హైవే మీద ఆగిపోతే హెల్ప్‌లైన్ 1033. క్రేన్ వస్తే రోడ్డు పక్కకి మెల్లగా జరిపించుకుని, అక్కణ్ణుంచి ఫ్లాట్‌బెడ్ కోసం ఆగండి. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో ముందే చూసుకోండి.

మరి ఇసకలోంచి లాగొచ్చా?

లాగొచ్చు. నాలుగు అడుగులు బయటికి లాగడం వేరు, పలాస దాకా లాక్కెళ్లడం వేరు. ఇంజిను నడుస్తూ ఉండాలి, 4ఎల్ వెయ్యాలి, టైర్లలో గాలి కొంచెం తగ్గించాలి. కట్టాల్సింది టో హుక్‌కే, బంపర్‌కి కాదు. గొలుసు కన్నా వెడల్పాటి స్ట్రాప్ మేలు. తెగితే దెబ్బ తగలకుండా జనాన్ని దూరంగా నిలబెట్టండి, వీడియో తీసే ఫ్రెండ్‌తో సహా!

ఇంజిను ఆగిపోయిన బండికి స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడు తొక్కులకే బ్రేక్ గట్టిపడిపోతుంది. రోడ్డు మీద తాడుతో లాగడం ప్రమాదమయ్యేది ఇందుకే. ఇంకోటి, ఆటోమేటిక్ బండి తోస్తే స్టార్ట్ కాదు. బ్యాటరీ దిగిపోతే జంప్ కేబులే దారి.

సాలూరు ఘాట్‌లో సిగ్నల్ పోయాక ఇవన్నీ వెతకలేరు. మీ బండి మాన్యువల్‌లో టోయింగ్ పేజీని ఈ రోజే ఫోటో తీసి ఫోన్‌లో దాచుకోండి. ట్రాక్టర్ అన్నకి చూపించడానికి కూడా పనికొస్తుంది.