అలాస్కా కాదు, తాటిపూడి

సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి హాస్టల్లో అలాస్కా ఆర్వీ ట్రిప్ వీడియో ఒకటి చూశాం. ఇల్లంత బండి, పక్కన సరస్సు, ఒడ్డున నెగడు. "ఏటి, ఇది మన జిల్లాల్లో అవదా?" అన్నాడు మా రూమ్మేట్. వాడిది పార్వతీపురం వైపు. అవుతుంది. కాకపోతే ఎలా అవుతుందో తెలియడానికి మాకు ఒక రాత్రి, ఒక బ్యాటరీ ఖర్చయ్యాయి. మీకు ఆ ఖర్చు తగ్గుతుందని ఇది రాస్తున్నా.

కారవాన్ అంటే మనకి షూటింగులో హీరోగారు కూర్చునే బండే గుర్తొస్తుంది. ఆర్వీ కూడా అదే జాతి. లోపల మంచం, పొయ్యి అందరికీ కనిపిస్తాయి. అసలు ఇంజనీరింగ్ కింద ఉన్న మూడు ట్యాంకుల్లో ఉంది. ఒకటి మంచినీళ్ళకి, రెండోది గిన్నెలు కడిగిన నీళ్ళకి, మూడోది టాయిలెట్‌కి. మురుగు ట్యాంకులు నిండితే దారిలో వదిలేయకూడదు, దానికోసం కట్టిన డంప్ స్టేషన్‌కే తీసుకెళ్ళాలి. చాలా క్యాంప్‌గ్రౌండుల్లో కొళాయి, కరెంటు ప్లగ్గు కూడా ఉంటాయి. అంటే ఆ సుఖంలో సగం బండిది, సగం బండి ఆగిన చోటుది.

ఆగే చోటుకి మనకి మంచి మాటే ఉంది, మజిలీ. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబర్లో తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం మీదుగానే వచ్చాడు. పల్లకీలూ డేరాలూ వెంటేసుకుని ఆయన చేసింది రోడ్ ట్రిప్పే. కాశీయాత్ర చరిత్ర తిరగేయండి, ఏ ఊళ్ళో నీళ్ళున్నాయి, అంగళ్ళున్నాయి, దిగడానికి వసతి ఉందా అన్నదే అడుగడుగునా కనిపిస్తుంది.

మా మొదటి మజిలీ నాగావళి మీద తోటపల్లి రిజర్వాయర్ అనుకున్నాం. రూమ్మేట్ వాళ్ళ నానమ్మకి ఫోన్లో చెప్తే ఒక్కటే అంది: "రాత్రి నీళ్ళకాడికి ఏనుగులొస్తాయి నాయనా, మీరక్కడ తొంగుంటారా?"

ఆవిడ భయపెట్టడానికి అనలేదు. 2018లో ఒడిశా వైపు నుంచి దిగిన మంద అప్పట్నుంచీ ఆ మండలాల్లో తిరుగుతూనే ఉంది. మనుషులు చనిపోయారు, పంటలు పోయాయి. ఏనుగులకీ సుఖం లేదు. 2023 మేలో భామిని మండలంలో కరెంటు తగిలి ఒకేసారి నాలుగు చనిపోయాయి. రోజుకి వంద లీటర్లకు పైగా తాగే జంతువు నీటిని వదిలి దూరం పోదు. మనం ఫొటోకి బాగుందని ఎంచుకునే ఒడ్డే దాని దారి. కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస, గరుగుబిల్లి వైపు నీటి పక్కన రాత్రి బస వద్దు. అటు వెళ్తే పగలే చూసి వచ్చేయండి.

అలా తాటిపూడికి మారాం. గంట్యాడ మండలం, గోస్తని నది మీద 1960ల్లో కట్టిన రిజర్వాయర్. వెనక తూర్పు కనుమలు, సంక్రాంతి తర్వాత పొద్దున్నే నీళ్ళ మీద మంచు. అలాస్కా ఎందుకు చెప్పండి! కానీ ఇది విశాఖపట్నం తాగే నీళ్ళల్లో ఒకటి. మన ఈకో వ్యాన్‌కి మూడు ట్యాంకులు లేవు. ఒడ్డున గిన్నెలు తోమినా, ఇంకేం చేసినా ఆ నీళ్ళల్లోకే. అందుకే ఒడ్డు నుంచి బాగా వెనక్కి, తెలిసినవాళ్ళ మామిడి తోటలో అడిగి మరీ దిగాం. తోటలో బోరుంది, మరుగుదొడ్డుంది. గిన్నెలు కడిగిన నీళ్ళు చెట్ల పాదుల్లో పోశాం. చెత్త మాత్రం మాతోనే విజయనగరం వచ్చింది.

ఇద్దరు వ్యాన్‌లో, ఇద్దరు టెంట్‌లో. చలికి అద్దాలన్నీ బిగించేస్తే తెల్లారేసరికి ఊపిరి తేమ అద్దాల మీంచి దుప్పట్ల మీదకి కారింది. రెండు వైపులా రెండేళ్ళ సందు వదిలి దోమతెర కట్టుకోవాలి. ఇంజన్ ఆన్‌లో పెట్టి హీటర్ వేసుకుని నిద్రపోవడం, కుంపటి లోపల పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక బ్యాటరీ. మా బండిది 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్, అంటే 420 వాట్ అవర్లు. లైట్లు, స్పీకర్, నాలుగు ఫోన్లు, ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్ కలిపి సుమారు 60 వాట్లు. ఐదు గంటలు వాడాం, 300 అయిపోయింది. స్టార్టింగ్ బ్యాటరీ కొన్ని సెకన్లు గట్టిగా కరెంటు ఇవ్వడానికి పుట్టింది, రాత్రంతా సినిమా చూపించడానికి కాదు. ఆర్వీలో ఇంటి అవసరాలకి వేరే బ్యాటరీ ఉండేది అందుకే. ఇది నలుగురం బీటెక్ వాళ్ళకి పొద్దున తాళం తిప్పాక గుర్తొచ్చింది.

తోట తాతగారు పళ్ళపుల్ల నములుతూ వచ్చి చూశారు. "ఎడ్లని కట్టమంటారేటి?" అన్నారు. అక్కర్లేకపోయింది. ఆయన, మేం ముగ్గురం తోశాం, రూమ్మేట్ సెకండ్ గేర్లో క్లచ్ వదిలాడు. మూడోసారికి అందుకుంది.