స్నాట్ బృందం: ఒకే ఒక్క ఆల్బమ్

మన ఇళ్లలో ఇంటర్, ఇంజినీరింగ్ చదివే పిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినే సంగీతంలో ‘న్యూ మెటల్’ ఒకటి. లింకిన్ పార్క్ పేరు తల్లిదండ్రుల చెవిన కూడా పడే ఉంటుంది. హెవీ మెటల్ గిటార్ల హోరుకు హిప్‌హాప్ దరువు, ఫంక్ తరహా బేస్ తోడైతే వచ్చేది ఇదే. గిటార్ తీగలను వదులు చేసి శ్రుతి బాగా కిందికి దించుతారు; ఆ మోత గుండెల్లో అదిరేది అందుకే.

1990లలో ఈ శైలి ఊపందుకున్న కాలిఫోర్నియాలో, శాంటా బార్బరా నుంచి వచ్చిన బృందం స్నాట్. ఆ మాటకు అర్థం చీమిడి! పేరు చూసి ముఖం తిప్పుకోనక్కర్లేదు. 1997లో గెఫెన్ సంస్థ విడుదల చేసిన వీరి ‘గెట్ సమ్’ ఆల్బమ్‌ను ఈ శైలి అభిమానులు ఇప్పటికీ వెతికి వింటారు. ఇందులో కోపంతో పాటు కొంటెతనమూ ఉంది. గాయకుడు లిన్ స్ట్రెయిట్ అరుస్తాడు, గొణుగుతాడు, ఉన్నట్టుండి రాగం తీస్తాడు. బూతులకు కొదవలేదు, కాబట్టి హాల్లో స్పీకర్ మీద పెట్టకపోవడమే మంచిది. అట్ట మీద కనిపించే కుక్క లిన్ పెంచుకున్న డాబ్స్.

రెండో ఆల్బమ్ పని నడుస్తుండగా, 1998 డిసెంబర్ 11న కారు ప్రమాదంలో లిన్ చనిపోయాడు. వయసు 30. వెంట ఉన్న డాబ్స్ కూడా దక్కలేదు.

బాణీలు ఉన్నాయి, పాడేవాడు లేడు. కొత్త గాయకుణ్ణి పెట్టి, స్నాట్ రెండో ఆల్బమ్ అని అమ్ముకోవచ్చు. వారు అలా చేయలేదు. లిన్‌ను ఎరిగిన గాయకులను పిలిచారు. కార్న్ నుంచి జోనథన్ డేవిస్, లింప్ బిజ్‌కిట్ నుంచి ఫ్రెడ్ డర్స్ట్, సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్ నుంచి సర్జ్ టాంకియన్, స్లిప్‌నాట్ నుంచి కోరీ టేలర్ వచ్చారు. అమ్మకాల్లో ఒకరికొకరు పోటీదారులే, అయినా అందరూ ఒకే అట్ట కింద చేరారు. 2000లో ‘స్ట్రెయిట్ అప్’ పేరుతో అది నివాళిగా వెలువడింది. ఆ తర్వాత వేరే గాయకులతో స్నాట్ మళ్లీ వేదికలెక్కినా, లిన్ పూర్తిచేసిన స్టూడియో ఆల్బమ్ మాత్రం ‘గెట్ సమ్’ ఒక్కటే.

ఆ నివాళిలో సెవెన్‌డస్ట్ గాయకుడు లజాన్ విదర్‌స్పూన్ పాడిన ‘ఏంజెల్స్ సన్’ ఉంది. సెవెన్‌డస్ట్ 2001లో తమ ‘యానిమాసిటీ’ ఆల్బమ్‌లోనూ దాన్ని చేర్చుకుంది. అరుపులు లేవు, నెమ్మదైన పాట. ఈ గోల మనకెందుకు అనుకునే పెద్దలు పిల్లల పక్కన కూర్చుని ముందు దీన్ని వినవచ్చు.