మేకులు ఏరిన మోటారు కుటుంబం

భిలాయి ఉక్కు పట్టణానికి ఆనుకొని ఉన్న జాముల్‌లో తెల్లవారేది లారీల రొదతోనే. ఉక్కు కర్మాగారం కొలుముల నుండి వచ్చే చిట్టెం ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీకి చేరుతుంది. సిమెంటు బస్తాలు నాలుగు దిక్కులకూ తరలిపోతాయి. రోడ్డు పక్కన పంక్చర్లు వేసే దుకాణం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఆ మధ్య ఒక ఉదయం నేను అక్కడ నిలబడి ఉండగా, శ్రీకాకుళం నుండి వచ్చి స్థిరపడిన ఆ దుకాణదారు ఒక లారీ టైరులో నుండి బొటనవేలంత మేకును పట్టకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. "దీని ఖరీదు అర్ధరూపాయి ఉండదు బాబూ, ఈ లారీకి మాత్రం ఒక పూట పోయింది" అన్నాడు.

ఆ మాట వినగానే, నూరేళ్ల కిందట ఇటువంటి మేకులతోనే పోరాడిన ఒక మనిషి గుర్తుకు వచ్చాడు. ఆయన పేరులోని పొడి అక్షరాలు ఆ క్షణాన నా ఎదుటనే ఉన్నాయి. పాలక్యాన్లు తగిలించుకొని దుకాణం ముందు ఆగిన మోపెడ్ మీద రాసి ఉన్నది: టీవీఎస్.

ప్లీడరీ వదిలిన పెద్దమనిషి

తిరునెల్వేలి జిల్లా తిరుక్కురుంగుడి గ్రామంలో 1877లో జన్మించిన సుందరం అయ్యంగార్ తండ్రి కోరిక మేరకు మొదట న్యాయవాద వృత్తి చేపట్టారు. తరువాత రైల్వేలోనూ, బ్యాంకులోనూ ఉద్యోగం చేశారు. ఆనాటి మధ్యతరగతి కుటుంబానికి ఈ మూడింటిలో ఏ ఒక్కటి దక్కినా జీవితం గట్టెక్కినట్లే. కాని ఆయన మూడింటినీ వదలుకొని, 1911లో, ముప్పైనాలుగేళ్ల వయస్సులో, టి.వి. సుందరం అయ్యంగార్ అండ్ సన్స్ అనే సంస్థను స్థాపించారు. మరుసటి సంవత్సరం బస్సులు నడపసాగారు. తంజావూరు, పుదుక్కోటల నడుమ దారి ఆ తొలి మార్గాలలో ఒకటి.

మోటారు బండి అప్పటికి దక్షిణాదికి కొత్త వింత. మద్రాసులోని సింప్సన్ కంపెనీలో శామ్యూల్ జాన్ గ్రీన్ అనే ఇంజనీరు 1903లో ఆవిరితో నడిచే కారును నిర్మించాడు. ఆ తరువాత ఆయన చేతుల మీదుగా తయారైన ఆవిరి బస్సు మన బెజవాడ, బందరుల మధ్య తిరిగిందని మద్రాసు చరిత్రకారులు చెబుతారు. అమెరికాలోనైనా, డెట్రాయిట్ నగరంలో విలియం మెట్జ్‌గర్ కార్లు అమ్మడానికి ప్రత్యేకంగా ఒక దుకాణం తెరచింది 1898లోనే. అంటే మోటారు వ్యాపారమనేది ప్రపంచమంతటా ఒకేసారి ఓనమాలు దిద్దుకుంటున్న కాలమది.

ఆనాటి రోడ్లు ఎడ్లబండ్ల కోసం వేసినవి. ఎద్దుల కాళ్లకు కొట్టే నాడాల నుండి ఊడిన మేకులు దారి పొడవునా పడి ఉండేవి. పలుచని టైర్లకు అవి యమపాశాలు. సుందరం అయ్యంగార్ ఒక బండికి పెద్ద అయస్కాంతం అమర్చి, బస్సులు బయలుదేరే ముందు దారి వెంట నడిపించి మేకులు ఏరించేవారని మధురలో ఇప్పటికీ చెప్పుకొంటారు. ఆయన బస్సు వచ్చే వేళను బట్టి జనం గడియారాలు సరిచేసుకొనేవారని మరొక వాడుక. ఈ రెండు కథలనూ కలిపి చదవాలి. వేళకు బస్సు రావడం డ్రైవరు నేర్పు ఒక్కదానితో జరిగే పని కాదు; తెల్లవారక ముందే ఎవరో ఒకరు మేకులు ఏరి ఉండాలి.

అమ్మకం ఒక్కసారి, సంబంధం పదేళ్లు

బస్సులు నడిపినవారు కార్లూ, లారీలూ అమ్మేవారుగా మారడం సహజంగానే జరిగింది. అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ కంపెనీ 1928లో బొంబాయిలో విడి భాగాలను బిగించి బండ్లు తయారుచేసే కర్మాగారం తెరచింది. షెవ్రోలె కార్లూ, లారీలూ దేశమంతటా ప్రవేశించాయి. దక్షిణాన వాటిని పంపిణీ చేసిన ప్రముఖులలో సుందరం అయ్యంగార్ కుటుంబం ఒకటి. మద్రాస్ ఆటో సర్వీస్, సుందరం మోటార్స్ అనే సంస్థలు ఆ క్రమంలో పుట్టినవే. 1950ల నాటికి సుందరం మోటార్స్ జనరల్ మోటార్స్‌కు అతి పెద్ద పంపిణీదారుగా పేరు పొందింది.

కార్ల ఏజెన్సీ బియ్యం వ్యాపారం వంటిది కాదు. బస్తా అమ్మితే బేరం ముగుస్తుంది. కారు అమ్మితే బాధ్యత మొదలవుతుంది. కొన్నవాడు నూనె మార్పించడానికి వస్తాడు, బ్రేకు పట్టకపోతే వస్తాడు, బండి పాతబడితే కొత్తదాని కోసం వస్తాడు. తండ్రి కొన్న చోటనే కొడుకూ కొంటాడు. కనుకనే ప్రపంచంలో చాలా చోట్ల ఈ వ్యాపారం కుటుంబాల చేతుల్లో నిలిచింది. అయితే ఇందులో ఒక పెద్ద బలహీనత ఉంది. అమ్మే సరుకు తమది కాదు, దాని మీద పేరు తమది కాదు. కంపెనీ ఏజెన్సీని రద్దు చేస్తే దుకాణదారుకు మిగిలేవి మరమ్మతుల షెడ్డు, పనివారి చేతులు, ఊళ్లో తన మాటకున్న విలువ. ఈ చివరిదాన్ని జమాఖర్చుల ఇంగ్లీషులో గుడ్‌విల్ అంటారు. అనువాదకుడిగా నేను దీనికి ఎన్నో మాటలు వెదికాను. చివరకు మన పల్లెటూరి షావుకారు వాడే 'పరపతి' అనే మాటే సరిపోయింది.

ఆ పరపతికి మొదటి పరీక్ష రెండవ ప్రపంచ యుద్ధం. పెట్రోలు దొరకక బస్సులు నిలిచిపోయాయి. అప్పుడు సంస్థ బొగ్గు గ్యాసు యంత్రాన్ని తయారు చేసింది. గాలి చాలీచాలనట్లుగా అందేలా చేసి కట్టెబొగ్గును మండిస్తే, మండే గుణం గల కార్బన్ మోనాక్సైడ్ వాయువు వెలువడుతుంది. దానిని చల్లార్చి, బూడిద వడగట్టి ఇంజనులోకి పంపితే బండి కదులుతుంది. బయలుదేరడానికి చాలాసేపు పట్టేది. ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడేది. బూడిద తీసి తీసి పనివాళ్ల ఒళ్లు మసిబారేది. అయినా బస్సు నడిచింది. మన జిల్లాలలో పెద్దలు బొగ్గు బస్సులంటూ తలచుకొనేది ఇటువంటి వాటినే.

కూతురు నడిచిన దారి

వ్యాపార చరిత్రలలో ఆడపిల్లల ప్రస్తావన సాధారణంగా ఉండదు. ఈ కుటుంబ చరిత్ర మాత్రం 1904లో పుట్టిన సౌందరం పేరు లేకుండా పూర్తి కాదు. చిన్నతనంలోనే వివాహమై, వైద్యుడైన భర్తను యౌవనంలోనే పోగొట్టుకొన్న ఆమెను తల్లిదండ్రులు ఆనాటి ఆచారం ప్రకారం మూలన కూర్చోబెట్టలేదు. చదువుకు పంపారు. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ కళాశాలలో చదివి, ఆమె 1936లో వైద్య పట్టభద్రురాలయ్యారు. 1940లో గాంధీజీ ఆశీస్సులతో, కేరళకు చెందిన జి. రామచంద్రన్‌ను పునర్వివాహం చేసుకొన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో ఆ దంపతులు దిండిగల్ సమీపాన గాంధీగ్రామం స్థాపించి, గ్రామీణ వైద్యానికీ విద్యకూ జీవితాలను అంకితం చేశారు. 1962లో లోక్‌సభకు ఎన్నికై కేంద్రంలో విద్యాశాఖ ఉపమంత్రిగా కూడా ఆమె పనిచేశారు.

అమ్మడానికి సరుకు లేని దుకాణం

అసలైన దెబ్బ స్వాతంత్ర్యానంతరం తగిలింది. విడి భాగాలు తెచ్చి బిగించడం చాలదనీ, దేశంలోనే తయారుచేసేవారికే ఇకపై అవకాశమనీ 1953లో ప్రభుత్వం నిర్ణయించింది. జనరల్ మోటార్స్ 1954లో బొంబాయి కర్మాగారాన్ని మూసివేసింది. ఫోర్డు కంపెనీ కూడా వెళ్లిపోయింది. మరుసటి సంవత్సరమే, 1955లో, సుందరం అయ్యంగార్ కన్నుమూశారు. ఒకే ఏడాది వ్యవధిలో కుటుంబం ఇంటిపెద్దనూ, అమ్మే సరుకునూ కోల్పోయింది.

ఆపైన వచ్చింది కార్ల కరవు కాలం. 1959 నాటి ఉత్తర్వుతో కార్ల అమ్మకం ప్రభుత్వ నియంత్రణ కిందికి వచ్చింది. అంబాసిడర్ కోసమో, ఫియట్ కోసమో డబ్బు కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అటువంటి రోజుల్లో అమ్మేవాడికి నేర్పు అక్కర్లేదు. వరుసలో ముందున్నదెవరో రాసుకొంటే చాలు. ఆ సుఖానికి అలవాటుపడిన దుకాణాలెన్నో, 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చాక కొనుగోలుదారును బతిమాలడం చేతగాక వెనుకబడ్డాయి.

ఈ సోదరులు మరో దారి తొక్కారు. ఇతరుల బండ్లు అమ్మడం ఎల్లకాలం సాగదని తెలిసింది గనుక, ఏ బండికైనా అవసరమయ్యే భాగాలనే తయారుచేయ సంకల్పించారు. చక్రాలు, బ్రేకులు, దీపాలు, బోల్టులు - ఒక్కొక్కదానికి ఒక్కొక్క కర్మాగారం 1960లలో వెలిసింది. సోదరులలో ఒకరైన సంతానం 1954లోనే సుందరం ఫైనాన్స్ నెలకొల్పి, లారీ కొనాలనుకొన్న డ్రైవరుకు వాయిదాల మీద అప్పు పుట్టే మార్గం చూపారు.

అన్నీ నిలవలేదు. తమిళనాడు ప్రభుత్వం బస్సులను జాతీయం చేసినప్పుడు, 1972లో మధురలో ఏర్పడిన పాండ్యన్ రోడ్‌వేస్ కార్పొరేషన్‌లోకి వారి బస్సులు వెళ్లిపోయాయి. తాతగారు మేకులేరి నడిపిన వ్యాపారం ఆ విధంగా చేజారింది. అయితే 1980లో హోసూరు నుండి టీవీఎస్ 50 మోపెడ్ వెలువడింది. 1998లో సుందరం క్లేటన్ నాణ్యతకు గాను జపాను వారి డెమింగ్ బహుమతి పొందింది. అన్నిటికన్నా చిత్రం, ఒకనాడు ఏజెన్సీని అర్ధాంతరంగా వదిలి వెళ్లిన జనరల్ మోటార్స్, 1990లలో తన కార్లకు రేడియేటర్ మూతలను ఈ కుటుంబానికే చెందిన సుందరం ఫాసెనర్స్ వద్ద కొని, ఉత్తమ సరఫరాదారుగా గౌరవించింది.

ఇంటి భాగం

నాలుగు తరాలు గడిచాక కుటుంబం పెరిగింది. వాటాలు చిక్కుముడులు పడ్డాయి. 2020లో శాఖల వారందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఏ శాఖ ఏ కంపెనీని నడుపుతున్నదో దాని యాజమాన్యం ఆ శాఖకే చెందే విధంగా 2022 నాటికి పంపకం పూర్తయింది. పొలం గట్టు కోసం అన్నదమ్ములు తలలు పగులగొట్టుకొని, తరాల తరబడి కోర్టుల చుట్టూ తిరగడం మనకు తెలియనిది కాదు. కలిసి వ్యాపారం చేయడం ఎంత కష్టమో, మర్యాదగా విడిపోవడం అంతకన్నా కష్టం.

జాముల్‌లో ఆ ఉదయం పంక్చరు పని ముగిసింది. లారీ కదిలిపోయింది. దుకాణదారు నా చేతిలోని మేకును తీసుకొని, పక్కనే ఉన్న రేకు డబ్బాలో వేశాడు. ఆ డబ్బా అప్పటికే సగం నిండి ఉంది. ఎందుకు దాస్తున్నావని అడిగాను.

"దాచడం కాదు బాబూ. రోడ్డు మీద పారేస్తే మళ్లీ ఎవరి టైరులోనో దిగుతుంది" అన్నాడు.

మేకులు దిగితేనే అతనికి బేరం. అయినా ఏరి డబ్బాలో వేస్తున్నాడు.