విశాఖపట్నంలో వాననీటి నిల్వ

విశాఖపట్నంలో వాననీటి నిల్వ అనగా ఓడరేవు నగరమూ ఉక్కు నగరమూ అయిన విశాఖపట్నంలో ఇళ్ల కప్పుల మీద, కొండవాలుల మీద కురిసే వానను పట్టి, వేసవి అవసరాలకు దాచుకొనే పద్ధతులు. రాతిలో తొలిచిన ప్రాచీన తొట్ల నుండి, మడిచి భుజాన వేసుకొని పోగలిగిన నేటి ఫ్లెక్సిబుల్ ట్యాంకుల వరకు ఇందులో అనేక రకాలు కలవు. ఈ వ్యాసం ముఖ్యంగా ఫ్లెక్సిబుల్ ట్యాంకుల గురించి, అవి ఈ నగరానికి ఎంతవరకు సరిపోతాయన్న విషయం గురించి వివరిస్తుంది.

నేపథ్యము

విశాఖపట్నంలో సాలుకు సుమారు 1,000 నుండి 1,100 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. ఇది తక్కువ వానేమీ కాదు. అయితే ఇందులో అధికభాగం జూన్ నుండి నవంబరు లోపలనే పడిపోతుంది. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగే కాలంలో, చిత్త, స్వాతి కార్తెలలో, బంగాళాఖాతంలోని వాయుగుండాల వలన కుండపోత వానలు వస్తాయి. డిసెంబరు నుండి మే వరకు కురిసేది స్వల్పం. నగరం తూర్పు కనుమల కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకున ఉన్నందున, పడిన వాన గెడ్డల గుండా కొద్ది గంటలలోనే సముద్రంలో కలిసిపోతుంది. ఇక్కడి కొండలు ప్రధానంగా ఖోండలైటు రాతితో ఏర్పడినవి. ఈ రాయి శిథిలమైన పైపొరలోను, పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. తీరం వెంబడి బోర్లతో అతిగా తోడిన చోట్ల ఉప్పునీరు చొరబడింది.

ఈ కారణాల వలన నగరం దూరపు జలాశయాల మీద ఆధారపడుతూ వచ్చింది. ముడసర్లోవ ఇక్కడి పాత జలాశయం. తరువాతి కాలంలో గోస్తనీ నదిపై తాటిపూడి, పెందుర్తి వైపున మేఘాద్రి గెడ్డ, ఆనందపురం వైపున గంభీరం, శారదా నదిపై రైవాడ జలాశయాలు తోడయ్యాయి. వీటిలో తాటిపూడి విజయనగరం జిల్లాలోను, రైవాడ 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోను ఉన్నాయి. ఉక్కు కర్మాగారానికి ఏలేశ్వరం వద్ద గల ఏలేరు జలాశయం నుండి సుమారు 150 కిలోమీటర్ల కాలువ ద్వారా నీరు వస్తుంది. ఆ నీటిని కర్మాగారం సమీపంలోని కణితి జలాశయంలో నిలువ చేస్తారు. నగరానికి వచ్చే నీరు మరొకరి పొలానికి పోవలసిన నీరు కావడం కూడా కద్దు. రైవాడ నీటిని సాగుకే వదలాలని ఆ ఆయకట్టు రైతులు పలుమార్లు కోరారు. కప్పు మీద పడిన వాన విషయంలో ఇటువంటి పేచీ లేదు.

ప్రాచీన పద్ధతులు

విశాఖపట్నం నుండి భీమునిపట్నం పోయే దారిలో సముద్రానికి ఎదురుగా తొట్లకొండ, బావికొండ అనే బౌద్ధ క్షేత్రాలు ఉన్నాయి. క్రీస్తు పూర్వపు శతాబ్దులలో మొదలై క్రీస్తు శకం తొలి శతాబ్దులలో వర్ధిల్లిన ఈ విహారాలు ఊటలు లేని కొండశిఖరాల మీద కట్టినవి. అక్కడ నివసించిన భిక్షువులు రాతినేలలో తొట్లు తొలిచి వాననీటిని దాచుకున్నారు. తొట్లకొండ, బావికొండ అన్న పేర్లు ఈ తొట్ల వలన, బావుల వలన వచ్చినవే. రాతి తొట్టి పగలదు, ఎలుక కొరకదు, ఎండకు చివకదు. కాని దానిని తొలవడానికి పట్టిన శ్రమ ఎంతో ఊహించవచ్చును. పైగా దానిని ఉన్నచోటి నుండి కదల్చలేము.

పెంకుటిళ్ల కాలంలో చూరు కింద గంగాళాలు, గోలేలు పెట్టి వాననీళ్లు పట్టడం ఇళ్లలో మామూలే. డాబాలు, అపార్టుమెంట్లు వచ్చాక ఆ నీరు గొట్టాల ద్వారా కాలువలోకి పోసాగింది. 2000లో రాష్ట్ర ప్రభుత్వం చేపట్టిన నీరు-మీరు కార్యక్రమం, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ఇంకుడు గుంతలకు ప్రాచుర్యం తెచ్చాయి. ఇంకుడు గుంత భూగర్భజలాన్ని పెంచుతుంది, తీరప్రాంతంలో ఉప్పునీటిని వెనుకకు నెడుతుంది. అయితే గుంతలో ఇంకిన నీరు తవ్వినవారి బిందెలోకే తిరిగి వస్తుందన్న హామీ లేదు. తాగునీటికి కావలసింది నిల్వ.

ఫ్లెక్సిబుల్ ట్యాంకు

పాలిస్టరు బట్టకు రెండు వైపులా పీవీసీ గాని, పాలీయురెథేన్ గాని పూసి, అంచులను వేడితో అతికి చేసిన మూసిన సంచియే ఫ్లెక్సిబుల్ ట్యాంకు. నిండినపుడు తలగడ ఆకారంలో ఉబ్బుతుంది, కనుక పిల్లో ట్యాంకు అని కూడా అంటారు. నీరు లోనికి పోవడానికి ఒకటి, బయటికి రావడానికి ఒకటి, పొర్లిపోవడానికి ఒకటి చొప్పున దీనికి గొట్టాలు ఉంటాయి. కొన్ని వందల లీటర్ల నుండి లక్షల లీటర్ల వరకు పట్టేవి తయారవుతున్నాయి.

ఈ ఊహ నౌకారవాణాకు కొత్త కాదు. 1956 నాటి సూయజ్ సంక్షోభ సమయంలో బ్రిటిష్ ఇంజనీరు విలియం హాథార్న్, చమురును నింపి ఓడ వెనుక లాగుకొనిపోయే డ్రాకోన్ అనే పొడవాటి సంచిని రూపొందించాడు. ఇరవై అడుగుల కంటెయినరులో అమర్చి, సుమారు 24,000 లీటర్ల వరకు నూనెలు మొదలైన ద్రవాలను పంపే ఫ్లెక్సీట్యాంకులు నేడు ప్రపంచ రేవులలో సాధారణం. వరదలు, భూకంపాలు వచ్చినపుడు సహాయ సంస్థలు తాగునీటికి వాడేవి కూడా ఇవే. మడిచిన సంచులను ఒక లారీలో అనేకం తీసుకొనిపోవచ్చు. అదే పరిమాణం గల గట్టి ప్లాస్టిక్ ట్యాంకులైతే లారీకి ఒకటో రెండో పడతాయి. విశాఖపట్నం ఇళ్లలో మాత్రం సంపులు, గట్టి ప్లాస్టిక్ ట్యాంకులదే పైచేయి. ఫ్లెక్సిబుల్ ట్యాంకు వాడుక అరుదు.

ఒక కుటుంబానికి లెక్క

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అందులో అయిదవ వంతు ఆవిరికి, చిందులకు పోతుందనుకున్నా, 50 చదరపు మీటర్ల చిన్న డాబా మీద 1,000 మిల్లీమీటర్ల వానకు 40,000 లీటర్లు చేతికి వస్తుంది. నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు అవసరమని ప్రభుత్వ ప్రమాణం. ఆ లెక్కన నలుగురు ఉన్న ఇంట్లో 5,000 లీటర్ల తొట్టి పట్టుమని పది రోజులు కూడా రాదు. అదే నీటిని తాగడానికి, వంటకు మాత్రమే, మనిషికి రోజుకు 7 లీటర్ల చొప్పున వాడితే రోజుకు 28 లీటర్లు, అనగా సుమారు 180 రోజులు వస్తుంది. డిసెంబరు నుండి మే వరకు గడిచిపోతుంది. ఇంతటి తొట్టి నిండటానికి ఆ డాబాకు 125 మిల్లీమీటర్ల వాన చాలు. ఒక్క అక్టోబరు నెలలోనే సాధారణంగా ఇంతకు మించి కురుస్తుంది.

కనుక ఇటువంటి తొట్టిని కుళాయికి బదులుగా కాక, కుళాయి రాని రోజులకు తాగునీటి భాండంగా భావించడం సరియైనది.

అమరిక, జాగ్రత్తలు

5,000 లీటర్ల ట్యాంకుకు ఏడెనిమిది చదరపు మీటర్ల చదునైన నేల కావాలి. రాళ్లు, ముళ్లు ఏరివేసి, ఇసుక పరచి, దానిపై టార్పాలిన్ వేసి అమర్చాలి. నిండిన తొట్టి బరువు 5 టన్నులు. దీనిని డాబాపై పెట్టరాదు. మనుషులు తిరిగే కప్పులను సాధారణంగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారానికి లెక్కగట్టి కడతారు. ముప్పావు మీటరు లోతు నీరు అదే స్థలంపై 750 కిలోల భారం మోపుతుంది.

ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటి ఉన్నది. కప్పు నుండి దిగే గొట్టాన్ని నేరుగా సంచికి బిగిస్తే, తొట్టి నిండిన తరువాత గొట్టంలో మూడు మీటర్ల ఎత్తున నీరు నిలిచి, ఆ ఒత్తిడి అంతా అతుకుల మీద పడుతుంది. అతుకు తెగితే దాచినదంతా నిమిషాలలో నేలపాలవుతుంది. అందుచేత పొర్లుగొట్టాన్ని తయారీదారు చెప్పిన ఎత్తులోనే, ఏ అడ్డూ లేకుండా తెరచి ఉంచాలి.

మూసిన తొట్టిలోనికి వెలుతురు పోదు కనుక నాచు పెరగదు, నీరు ఆవిరి కాదు. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ నిలువ ఉన్న మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. తెరచిన గాబులను, డ్రమ్ములను వారానికొకసారి ఖాళీ చేయమని పురపాలక సిబ్బంది చెప్పేది ఇందుకే. నెలల తరబడి నీటిని దాచవలసిన ఇంటికి అది వీలుపడదు. మూసిన సంచికి ఆ చిక్కు లేదు. అయితే లోపలికి దిగి కడగడం కుదరదు కాబట్టి, మురికి లోనికి పోకుండా ముందే ఆపవలసి ఉంటుంది. ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎత్తిదించే చోటికి దగ్గరలో ఉన్న పాత పట్టణం వంటి ప్రాంతాలలో కప్పుల మీద నల్లని ధూళి పేరుకుంటుంది. అక్కడ తొలకరి వానలను పూర్తిగా వదలివేయాలి. తరువాత కూడా ప్రతి వానలో మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిని, అనగా 50 చదరపు మీటర్ల కప్పుకు 50 నుండి 100 లీటర్లను, పక్కకు మళ్లించాలి. ఆపైన ఇసుక, కంకర వడపోత ఉండాలి. తాగేముందు కాచుకోవడమో, తగు మోతాదులో క్లోరిన్ కలపడమో అవసరం. సంచి కూడా తాగునీటికి పనికివచ్చే రకమని ధ్రువీకరించినదై ఉండాలి.

ఎండ దీనికి ప్రధాన శత్రువు. నీడ లేనిచోట పైపూత పెళుసెక్కి పగులుతుంది, కావున తాటాకు పందిరి అయినా వేయాలి. పందికొక్కుల బెడద ఉన్నచోట చుట్టూ ఇనుప వల తప్పనిసరి.

తుపాను కాలము

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలులకు విద్యుత్ స్తంభాలు కూలి, నీటిని ఎత్తిపోసే మోటార్లు ఆగిపోయాయి. కుండపోత వాన కురిసిన నగరంలోనే జనం బిందెలతో ట్యాంకరు లారీల కోసం బారులు తీరారు. చిత్త కార్తెలో వచ్చే ఇటువంటి తుపానుకు ముందుగానే నిండి ఉన్న తొట్టి తన బరువుతోనే గాలికి నిలుస్తుంది. ఎగిరివచ్చే రేకులు మాత్రం దానిని కోసివేయగలవు, కనుక గోడ చాటున ఉంచడం మేలు. ఖాళీ సంచిని బయట వదలరాదు, మడిచి ఇంట్లో పెట్టాలి.

కొండవాలు బస్తీలు

నగరంలోని కొండవాలులపై వెలసిన బస్తీలకు గొట్టపు నీరు ఎక్కడం కష్టం, ట్యాంకరు లారీ పోవడం ఇంకా కష్టం. సిమెంటు, ఇటుక మెట్ల మీదుగా మోసుకొనిపోవాలి. మడిచిన సంచి ఇద్దరు మనుషుల మోత. పై ఇంటి పక్కన తొట్టి పెడితే కింది ఇళ్లకు మోటారు లేకుండానే నీరు దిగుతుంది. అయితే వాలు నేల మీద నిండిన సంచి జారుతుంది, కాబట్టి ముందుగా రాతి అడ్డుగోడతో చదునైన అరుగు కట్టుకోవాలి. అరుగు సరిగా కట్టకపోతే 5 టన్నుల నీరు కింది ఇంటి మీదికి వస్తుంది. ఒక్కొక్క ఇంటికి అంత స్థలం దొరకడం అరుదు గనుక, ఇటువంటి చోట్ల నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే అరుగు, ఒకే తొట్టి వాడుకొనే ఏర్పాటు ఆచరణకు దగ్గరగా ఉంటుంది.