పుష్పారంభంలో వృక్ష హార్మోన్లు

మొక్క కొనలోని విభాజ్య కణజాలం ఆకులకు బదులు పుష్పాలను పుట్టించడం మొదలుపెట్టే దశను పుష్పారంభం అంటారు. ఆక్సిన్, సైటోకైనిన్, జిబ్బరెల్లిన్ మొదలైన వృక్ష హార్మోన్లు ఈ దశను నడిపిస్తాయి. పువ్వు కంటికి కనబడేనాటికి వీటి పని చాలావరకు ముగిసే ఉంటుంది.

ద్రాక్షారామం మొదలుకొని అమలాపురం, రాజోలు వరకు విరివిగా పండే కొబ్బరి ఇందుకు మంచి ఉదాహరణ. కొబ్బరిలో ప్రతి మట్ట మొదట్లో ఒక పూగెల పుడుతుంది. దాని అంకురం తొడుగు విచ్చుకోవడానికి సుమారు 32 నెలల ముందే మొవ్వులో ఏర్పడుతుంది. గెల రెమ్మలు సుమారు 16 నెలల ముందు, ఆడ, మగ పువ్వులు ఏడాది ముందు, అండాశయం 6-7 నెలల ముందు రూపుదిద్దుకొంటాయి. కనుక ఒక వేసవిలో కలిగిన నీటి ఎద్దడి ఫలితం ఆ ఏటి గెలలతో ఆగదు; తరువాతి సంవత్సరాల దిగుబడిలోనూ కనిపిస్తుంది. కాపు తగ్గిన ఏడాదిలోనే కారణాన్ని వెదకడం అందుచేత సరికాదు.

పువ్వు ఎక్కడ పుట్టాలో నిర్ణయించేది ఆక్సిన్. ఇది 'పిన్' అనే ప్రోటీన్ల ద్వారా కణం నుండి కణానికి ప్రవహించి, కొన అంచున కొన్ని బిందువుల వద్ద పోగవుతుంది. అక్కడే మొగ్గ లేస్తుంది. ఈ ప్రోటీన్ లోపించిన అరబిడోప్సిస్ మొక్కల పూకాడ దాదాపు పువ్వులు లేకుండా గుండుసూదివలె మిగిలిపోతుంది. ప్రోటీన్‌కు ఆ పేరు వచ్చింది అందువల్లనే.

సైటోకైనిన్ విభాజ్య కణజాలపు పరిమాణాన్ని నిలుపుతుంది. సైటోకైనిన్‌ను విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైమ్ తగ్గితే వరి కంకిలో గింజల సంఖ్య పెరుగుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2005లో చూపారు. నత్రజని అందినపుడు వేళ్ళలో సైటోకైనిన్ తయారీ హెచ్చుతుంది. వరిలో అంకురం దశలో యూరియా వేయడం వెనుక గల కారణాలలో ఇదీ ఒకటి.

జిబ్బరెల్లిన్ తీరు అన్ని మొక్కలలో ఒకేలా ఉండదు. అరబిడోప్సిస్‌లో అది పూకాడ లేవడానికి తోడ్పడుతుంది, కాని ఆ తరువాత తగ్గితేనే పువ్వులు ఏర్పడతాయి. మామిడిలో అది పూతను అడ్డుకొంటుంది. పూత సరిగా రాని మామిడి చెట్ల పాదులలో పాక్లోబ్యూట్రజోల్ వేసేది జిబ్బరెల్లిన్ తయారీని తగ్గించడానికే. ఈ మందు నేలలో చాలాకాలం నిలుస్తుంది. మోతాదు మించితే కొత్త చిగుళ్ళు కురచబారతాయి.

పూయవలసిన కాలాన్ని తెలిపే సంకేతం మాత్రం ఆకులనుండి వస్తుంది. దీనికి 1937లో రష్యా శాస్త్రవేత్త చైలఖ్యాన్ 'ఫ్లోరిజెన్' అని పేరు పెట్టాడు. అది ఒక ప్రోటీన్ అని వరి, అరబిడోప్సిస్ మొక్కలలో 2007లో తేలింది.