చెరువు బురదలో అయస్కాంత జీవులు

వరంగల్‌లోని భద్రకాళి, వడ్డేపల్లి వంటి మంచినీటి చెరువుల అడుగున, ఆక్సిజన్ దాదాపు అడుగంటే ఒండ్రు పొర అయస్కాంత బాక్టీరియాకు అనువైన చోటు. ఇటలీలోని పావియాలో సాల్వతోరే బెల్లినీ 1963లోనే వీటిని గమనించినా, 1975లో అమెరికన్ శాస్త్రవేత్త రిచర్డ్ బ్లేక్‌మోర్ 'సైన్స్' పత్రికలో రాశాకే లోకం దృష్టి ఇటు మళ్లింది.

ఈ కణాల్లో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు స్ఫటికాలు పూసల దండలా ఉంటాయి. ఒక్కో పూస సుమారు 35 నుంచి 120 నానోమీటర్లు. వరంగల్ ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రం దాదాపు 43 మైక్రోటెస్లా. అంత బలహీన క్షేత్రం, నీటి అణువుల తాకిడిని తట్టుకుని కణాన్ని దారిలో నిలపగలదా? నిలపగలదు. దండపై ఆ క్షేత్రం చూపే శక్తి తాకిడి శక్తికి సుమారు పది రెట్లు. ఇక్కడి క్షేత్రరేఖలు ఏటవాలుగా నేలలోకి దిగుతాయి కాబట్టి, వాటి వెంట ఈదే కణం బురదకే చేరుతుంది.

పట్టుకోవడం తేలికే. గాజు సీసాలో మూడో వంతు ఒండ్రు, మిగతా చెరువు నీరు పోసి మసక వెలుతురులో ఉంచాలి. బురదకు కాస్త పైన సీసా గోడకు అయస్కాంతపు దక్షిణ ధ్రువాన్ని ఆనిస్తే, కొంతసేపటికి కణాలు అక్కడ గుమిగూడతాయి. వాటిని పిపెట్‌తో తీసుకోవచ్చు.

ఇక వాటి అయస్కాంత గుణం కొలత. కాలేజీ ప్రయోగశాలల్లో ఉండే స్పెక్ట్రోఫొటోమీటర్, బిళ్ల అయస్కాంతాలు చాలు. కణాలున్న ద్రవాన్ని కువెట్‌లో పోసి, 565 నానోమీటర్ల కాంతిలో, అయస్కాంతాన్ని ఒకసారి కాంతి దిశలో, మరోసారి దానికి అడ్డంగా పెట్టి కాంతి సాంద్రత (ఆప్టికల్ డెన్సిటీ) చదవాలి. కణాలు అయస్కాంతం వెంట తిరుగుతాయి, కాంతి చెదిరే తీరు మారుతుంది. పెద్ద విలువను చిన్నదానితో భాగిస్తే వచ్చేదే 'సీమ్యాగ్'. చచ్చిన కణాలూ తిరుగుతాయి, ఇది ఈత కాదు. అయితే ఈ సంఖ్య గుంపు సగటును చెబుతుంది గానీ ఒక్క కణం బలాన్ని కాదు. ఆకారం వేరైన జాతుల మధ్య పోలికకూ పనికిరాదు.

ఒక్క కణం బలం కావాలంటే మైక్రోస్కోప్ కింద కణాన్ని చూస్తూ, పక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు దిశ తిప్పాలి. కణం యూటర్న్ కొడుతుంది. ఆ మలుపు ఎంత ఇరుకైతే అయస్కాంత బలం అంత ఎక్కువ. వేగం, ద్రవపు చిక్కదనం, కణ పరిమాణం లెక్కలోకి వస్తాయి. పరిమాణంలో పొరపాటు జవాబులో మూడింతలై కనిపిస్తుంది, అందుకే ఇక్కడ ఓపిక అవసరం.

గాలి ఎక్కువగా ఆడినా, ఇనుము చాలకపోయినా దండ ఏర్పడదు. అలాంటి కల్చర్‌లో సీమ్యాగ్ 1 దగ్గరే నిలుస్తుంది.